ఊరేగిన శాలువా

సిద్దిపేటలో శాలువాకు చావు లేదు. మనిషి భుజాల మీద పడ్డ మరుక్షణమే మడత పెట్టుకుని, వచ్చిన కవర్లోకే తిరిగి దూరి, ఏదో ఒక ఇంటి బీరువా పై అరలో కొన్నాళ్లు తపస్సు చేసి, మళ్లీ ఇంకొకరి సన్మానానికి బయలుదేరుతుంది. కట్టుకున్న చీర చిరుగుతుంది, తొడుక్కున్న చొక్కా మాసిపోతుంది. శాలువా ఒక్కటే, అందరూ కప్పేవాళ్లే తప్ప కప్పుకునేవాళ్లు లేక, ఎప్పటికీ కొత్తగానే ఉంటుంది. ఈ సంగతి ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు. తెలుసని ఒకరికొకరు తెలియనివ్వకపోవడమే మర్యాద.

చంద్రశేఖర్ ఇంట్లో అలాంటి అర నిండుగా ఉండేది. ఆయనకు ఎరువుల దుకాణం ఉంది గానీ, ఊళ్లో పేరు మాత్రం కోమటి చెరువు కట్ట మీద పొద్దున నడిచేవాళ్ల సంఘం కార్యదర్శిగా వచ్చింది. "నడిచేటోళ్ల సంఘం గనుక నడుస్తుంది, కూసునేటోళ్లదైతే ఎప్పుడో కూలుతుండె" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. విన్నవాళ్లు నవ్వేదాకా వదిలేవాడు కాదు. నవ్వినా వదిలేవాడు కాదు, ఇంకోటి చెప్పేవాడు.

బతుకమ్మ పండుగ వెళ్లిన తరువాత ఆయన భార్య సుమిత్రమ్మ ఊలు అల్లడం మొదలుపెట్టింది. కూతురు మైత్రికి ఇంకా పెళ్లి కాలేదు. ఇంకేం, చంద్రశేఖర్‌కు పండుగ మళ్లీ వచ్చినట్టయింది. "మా ఇంట్ల అల్లుడు రాకముందే అల్లుడు షురువైంది" అని దుకాణానికి యూరియా కోసం వచ్చిన రైతులకు కూడా చెప్పాడు. వాళ్లు యూరియా దొరికితే చాలునని నవ్వారు.

సుమిత్రమ్మకు ఆ అల్లిక ఒక వ్యసనం కాదు, వాసన. కొత్త ఊలు వాసన ఆమెకు తొలకరి మట్టి వాసనతో సమానం. పాత బజారు గల్లీలో నిస్సార్ లేసుల దుకాణం ఉంది. ముందు వైపు గుండీలు, ఫాల్ గుడ్డలు, జరీ అంచులు వేలాడుతుంటాయి. లోపల అద్దాల అల్మారాలో ఊలు ఉంటుంది. చుట్టగా మడిచిన ఊలు లచ్చ ఒక్కదాని కోసం వెళ్లి, దారిలో గాజుల దుకాణం, ఇత్తడి సామాన్ల దుకాణం, మల్లెపూల బండి అన్నీ పలకరించుకుంటూ పోయేది. దుకాణం చేరాక లచ్చను తీసుకుని చెంపకు ఆనించి కళ్లు మూసుకునేది. ధర నిస్సార్‌ను అడగడానికి ముందు మెత్తదనం చెంపను అడిగేది. చెంప ఒప్పుకుంటేనే బేరం. నిస్సార్ భార్య మహబూబున్నీసా ఆమెకు అల్లిక నేర్పిన గురువు. ఇద్దరూ గల్లా వెనక పీటలు వేసుకుని, సూదులు ఒక పక్క, ముచ్చట్లు ఒక పక్క అల్లుకునేవాళ్లు.

ఆమె అల్లుతున్నది శాలువా. తంగేడు పువ్వు పసుపు, అంచుకు గొంగడి నలుపు. మద్దూరులో ఉన్న ఆమె అన్న రాజమల్లయ్య కోసం. చిన్నప్పుడు వానలో బడికి పోతుంటే అన్న తన గొంగడి సగం చెల్లె మీద కప్పి, తాను సగం తడిసేవాడు. ఆ గొంగడి గరుకు ఆమె మెడ మీద ఇప్పటికీ ఉన్నట్టే ఉంటుంది. ఆయన నేటికీ గొంగడి తప్ప ఇంకోటి ఎరగడు. డిసెంబరులో రైతు దినం నాడు మద్దూరులో ఆయనకు సన్మానమని కబురు వచ్చింది. ఆ రోజు వేదిక మీద ఎవరేం కప్పినా సరే, ఇంటికొచ్చాక మాత్రం తన చేతి మెత్తదనం అన్న మెడకు తగలాలని ఆమె కోరిక. ఇంకో సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చలి ముదిరేకొద్దీ వేళ్ల కణుపులు వాచి బిగుసుకుపోతున్నాయి. మళ్లీ ఇంత పెద్దది అల్లగలనన్న నమ్మకం ఆమెకు లేదు.

అల్లిక పూర్తయింది. చివర్ల కుచ్చులు కట్టడమే మిగిలింది. వేళ్లు కాస్త వదులైనప్పుడు కడదామని, శాలువాను మడిచి, ఒక చీరల దుకాణం కవర్లో పెట్టి, ఇంట్లో ఎవరూ ముట్టని చోటు ఏదా అని ఆలోచించి బీరువా పై అరలో పెట్టింది. ఊరందరి శాలువాలూ పడుకునే అరలో, అచ్చం వాటిలాంటి కవర్లోనే.

ఆ తరువాత కొద్ది రోజులకే కంటి డాక్టర్ దినేశ్ కట్ట మీద నడిచేవాళ్లకు ఉచితంగా కళ్లు చూశాడు. పొద్దున్నే సన్మానం అన్నారు. ఆ వేళప్పుడు ఏ దుకాణం తీసి ఉంటుంది? చంద్రశేఖర్ అరలోకి చెయ్యి పెట్టాడు, చేతికి అందిన కవరు పట్టుకుపోయాడు. నలుగురిలో విప్పి డాక్టర్ భుజాల మీద కప్పాడు. "కండ్లు సూసేటాయనకు కంటినిండ శాలువా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పసుపు, నలుపు అంచు, ఊలు. నెలల తరబడి తన కళ్ల ముందు, టీవీకీ తనకూ మధ్య పెరిగిన ఆ శాలువాను ఆయన గుర్తు పట్టలేదు. కంటి డాక్టర్ ముందు నిలబడి మరీ గుర్తు పట్టలేదు.

రైతు దినానికి నాలుగు రోజులుందనగా సుమిత్రమ్మ కుచ్చులు కడదామని నల్ల ఊలు ఉండ పట్టుకుని అర తెరిచింది. కవర్లన్నీ విప్పింది. మంచం మీద శాలువాల గుట్ట తేలింది గానీ ఆ పసుపు తేలలేదు. పసుపు రంగు శాలువా చూశావా అని మొగుణ్ని అడిగింది. చూడలేదన్నాడు. నిజంగానే చూడలేదు మరి. కానీ "పసుపు" అన్న మాట లోపలికి దిగి ఎక్కడో గుచ్చింది. వరండాలోకి వెళ్లి ఫోన్లో సంఘం గ్రూపు తీసి, సన్మానం ఫొటో వేళ్లతో పెద్దది చేశాడు. డాక్టర్ భుజం మీద తంగేడు వనం పూసి ఉంది.

ఆమె పోగు పోగు కూర్చి అల్లింది. ఆయన పోగొట్టాడు.

లోపలికి వెళ్లి ఆ మాట చెప్పేస్తే అయిపోయేది. గడప దాకా వెళ్లాడు కూడా. సుమిత్రమ్మ మంచం మీద కూర్చుని తనలో తాను అనుకుంటోంది. "గీడనే వెట్టిన గదా. నాకేమన్న మతి పోతుందా?" ఆ మాట విన్నాక చెప్పడం ఇంకా కష్టమైంది. ముందు శాలువా తెచ్చి, ఆ తరువాత చెబుదామనుకున్నాడు. ఇవాళ చెప్పని మాట రేపటికి రెండింతల బరువెక్కుతుందని ఆయనకు అప్పటికి తెలియదు.

మరునాడు డాక్టర్ దగ్గరికి పోయాడు. పోయాడు గానీ ఏమని అడుగుతాడు? "మీకు కప్పింది తిరిగి ఇయ్యండి" అంటే సంఘం పరువు పోతుంది. "మీ దగ్గరుందా?" అంటే, ఎవరికో అంటగట్టి ఉంటారన్న అనుమానం అంటగట్టినట్టవుతుంది. అందుకని చూపు మసకగా ఉందని చీటీ రాయించుకుని కూర్చున్నాడు. నర్సు కళ్లలో చుక్కలు వేసింది. అంతవరకు అబద్ధమైన మసక నిజమైంది. ఆ మసకలో నుంచి, మొన్నటి శాలువా వెచ్చగా ఉందా అని డాక్టర్‌ను అడిగాడు.

డాక్టర్ ఉలిక్కిపడ్డాడు. తనిఖీ అనుకున్నాడు. పై అంతస్తు ఇంట్లోకి పోయి ఒక కవరు తెచ్చి, "భద్రంగనే ఉంది సార్" అని చేతిలో పెట్టాడు. చంద్రశేఖర్‌కు రంగు కనపడలేదు. వేళ్లతో తడిమాడు. జారిపోయే గుడ్డ, గుచ్చుకునే జరీ. ఊలు కాదు. పెళ్లాం అల్లికను కళ్లున్నన్నాళ్లు గుర్తు పట్టనివాడు, కళ్లు కనపడనప్పుడు చేత్తో పట్టేశాడు. ఇక దాచలేక ఉన్న సంగతి చెప్పేశాడు.

డాక్టర్ కూడా సిగ్గుపడి ఉన్నది చెప్పాడు. కిందటి వారం వాళ్ల కొత్త ఇంటి గృహప్రవేశానికి వార్డు నాయకుడు శివన్న వచ్చాడట. వాళ్ల అత్తగారు అందిన కవరు తీసి ఆయనకు పెట్టారట.

శివన్న దగ్గర పడ్డదంటే అది చెరువులో పడ్డ చుక్కే. ఆయన పొద్దున పెళ్లిలో, మధ్యాహ్నం దశదినకర్మలో, సాయంత్రం దుకాణం ప్రారంభంలో ఉంటాడు. కారు డిక్కీలో స్టెప్నీ ఉండదు గానీ శాలువాలుంటాయి. ఒక చోట కప్పింది ఇంకో చోట కప్పుతూ, తన మీదుగా ఊరి గౌరవాన్నంతా చలామణీ చేస్తుంటాడు. మరునాడు చంద్రశేఖర్ ఆయన ఇంటికి పోతే ఫంక్షన్‌కు పోయాడన్నారు. ఫంక్షన్‌కు పోతే ఇప్పుడే కదిలాడన్నారు. ఫోను చేస్తే అన్న వేదిక మీద ఉన్నాడన్నారు. ఎల్లుండి ఎక్కడ దొరుకుతాడని అడిగితే, మద్దూరులో రైతుల సన్మానానికి ముఖ్య అతిథి అని చెప్పారు.

చంద్రశేఖర్ కాళ్లలో నడక పోయింది. నడిచేవాళ్ల సంఘం కార్యదర్శి ఆటో ఎక్కి నిస్సార్ దుకాణానికి చేరాడు. అలాంటిదే ఇంకోటి రెండు రోజుల్లో అల్లించవచ్చేమోనని ఆశ.

"నిస్సార్ భాయ్, గా పసుపు ఉన్ని ఉన్నదా?"

"ఉన్నదున్నట్టు చెప్తున్న సార్, ఉన్ని లేదు. గా రంగు మళ్ల రాలే."

ఇంకో రోజైతే ఆ జవాబుకు చంద్రశేఖర్ గల్లా మీద చరిచి మెచ్చుకునేవాడు. ఇవాళ పీట మీద కూలబడ్డాడు. మహబూబున్నీసా సంగతంతా విన్నది. చేతిలో సూదులు ఆపలేదు.

"ఉన్ని దొరికినా నేను అల్ల, అన్నా" అన్నది. "అక్క చెయ్యి వదులుగుంటది, నాది బిగువు. పట్టుకోంగనే తెల్సుకుంటది. ఇంట్ల నువ్వే కదా ఉండేది, ఆమె వేళ్లు సూసినవా ఎప్పుడన్న?"

అల్లిక వరస తిప్పుతూ ఆమే మళ్లీ అన్నది.

"లచ్చను ఉండ చుట్టాలంటే ఎదురుంగ ఒకరు రెండు చేతులకు తగిలిచ్చుకొని కూసోవాలె. ఇంట్ల ఎవరు కూసుంటరని కుర్సీ వీపుకు తగిలిచ్చి చుట్టేదట. గా వేళ్లతోని."

ఇంటికి వచ్చేసరికి సుమిత్రమ్మ వంటింటి డబ్బాలు కూడా దించి వెతుకుతోంది. బియ్యం డబ్బాలో, దేవుడి గూట్లో, వాషింగ్ మిషన్ వెనక. పెట్టిన చోట లేనప్పుడు పెట్టని చోట వెతకాలి కదా అన్నది. మధ్యాహ్నం పొయ్యి మీద పాలు పెట్టి, పెట్టానా లేదా అని మూడుసార్లు లేచి చూసుకుంది. మైత్రికి ఫోన్ చేసి, మతిమరుపుకు ఏ డాక్టర్‌ను చూడాలో కనుక్కొమ్మని చెప్పింది. చంద్రశేఖర్ అదంతా వింటూ పేపరు తిరగేసి పట్టుకుని కూర్చున్నాడు. నాలుక చివరి దాకా మాట వచ్చేది. మాటలతో బతికిన మనిషికి మాట ఒక్కటీ బయటికి రాలేదు.

రైతు దినం నాడు ఆమె అరలో శాలువా ఒక్కటీ ముట్టలేదు. ఊరి మీద తిరిగేవి అన్నకు పెట్టనన్నది. డజను అరటిపండ్లు కొన్నది. చేతిసంచిలో ఆ నల్ల ఊలు ఉండ మాత్రం వేసుకుంది. ఎందుకని ఆయన అడగలేదు. దారిలో ఎక్కడైనా గుర్తొస్తుందేమోనన్న ఆశ ఆమెది. దారిలో ఎక్కడైనా దొరుకుతుందేమోనన్న ఆశ ఆయనది. ఒకే బస్సులో, ఒకే సీట్లో, ఒకే శాలువా కోసం ఇద్దరూ వేరు వేరుగా వెతుకుతూ మద్దూరు చేరారు.

రైతు వేదిక ముందు షామియానా. రాజమల్లయ్య గొంగడి భుజాన వేసుకుని ముందు వరసలో ఉన్నాడు. చెల్లెను చూసి పక్క కుర్చీ దులిపి కూర్చోబెట్టుకున్నాడు. శివన్న కారు వచ్చింది, డిక్కీ తెరుచుకుంది, కవర్లు వేదిక మీది పళ్లెంలోకి వెళ్లాయి. కవర్ల మధ్యలో ఒక పసుపు అంచు తొంగి చూసింది. చంద్రశేఖర్ మెట్లెక్కి శివన్న చెవి దగ్గర వంగాడు.

"అన్నా, ఒక్క మాట. గా పసుపు శాలువా..."

శివన్నకు మైకు హోరులో ఏమీ వినపడలేదు. వేదిక ఎక్కిన మనిషికి వేదికే కావాలని ఆయన ముప్పై ఏళ్ల అనుభవం. చంద్రశేఖర్ మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, సిద్దిపేట నుంచి వచ్చిన పెద్దమనిషి అని మైకులో పరిచయం చేశాడు. చప్పట్లు పడ్డాయి. లేవబోతే ఫొటో అన్నారు. మళ్లీ లేవబోతే జ్యోతి అన్నారు.

సన్మానాలు మొదలయ్యాయి. పేరు పిలిచిన వరసలో మనిషి, పళ్లెంలో ఉన్న వరసలో శాలువా. అక్కన్నపేట నుంచి వచ్చిన ఒక ముసలి రైతును పిలిచారు. శివన్న కవరు విప్పాడు. తంగేడు పువ్వు పసుపు, గొంగడి నలుపు అంచు, కుచ్చులు లేని చివరలు. చంద్రశేఖర్ కుర్చీ అంచుకు వచ్చాడు. అంతకంటే ముందుకు రాలేకపోయాడు. ఆయన చూపు ముందు వరసలోకి పోయింది. సుమిత్రమ్మ శాలువాను చూసింది. ఆ తరువాత మొగుణ్ని చూసింది. ఆ రెండు చూపుల మధ్యలో ఆమెకు మతి ఎక్కడికీ పోలేదని తెలిసిపోయింది.

తరువాతి పేరు రాజమల్లయ్య. బావకు బావ చేతుల మీదుగానే సన్మానం బాగుంటుందని శివన్నకు ఎవరో చెప్పారు. ఒక కవరు చంద్రశేఖర్ చేతిలో పెట్టారు. జారిపోయే గుడ్డ, గుచ్చుకునే జరీ. డాక్టర్ మేడ మీంచి దిగివచ్చిన శాలువాకు తోబుట్టువులా ఉంది. పెళ్లాం చూస్తుండగా, గొంగడి మీద ఆ జరీని ఆయనే కప్పాడు. ఫొటోకు నవ్వమన్నారు. నవ్వు కూడా జారిపోయింది.

సభ అయ్యాక రైతులందరూ శాలువాలు మడిచి కవర్లలో పెట్టుకున్నారు. ఆ ముసలాయన ఒక్కడే పెట్టలేదు. చలికి చెవుల దాకా చుట్టుకుని, అంచును దవడ కింద పట్టుకుని, షామియానా పక్క బెంచీ మీద ఎండలో కూర్చున్నాడు. సిద్దిపేట నుంచి మద్దూరు దాకా ఊరేగిన ఆ శాలువాను కప్పుకున్న మొట్టమొదటి మనిషి ఆయన.

చంద్రశేఖర్ గబగబా దిగి సుమిత్రమ్మ దగ్గరికి వచ్చాడు. ముసలాయనకు ఏదో చెప్పి వెనక్కు తీసుకుంటానన్నాడు. ఆమె ఆయన మొహం వంక చూడలేదు.

"కప్పుకున్న మనిషి మీదికెళ్లి గుంజుతవా?"

ఆమె లేచి బెంచీ దగ్గరికి పోయింది. సంచిలోంచి నల్ల ఊలు ఉండ తీసింది.

"తాతా, కుచ్చులు కట్టలేదు దీనికి. కొంచెం సేపు కూసో."

ముసలాయన చివర ఆమెకు అందించి కూర్చున్నాడు. ఆమె పోగులు తెంపి, మడిచి, అంచులో దూర్చి, ముడి వేసి లాగుతోంది. ఒక్కో ముడికీ వేలు సలుపుతోంది. రెండు ముళ్లకోసారి వేళ్లను ఒళ్లో పెట్టుకుని వత్తుకుంటోంది. చంద్రశేఖర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. ముడి వేయడం రాదు, విప్పడం రాదు. మాటకు మాట ముడి పెట్టడమే తెలుసు ఇన్నాళ్లూ.

"చల్లటి నీళ్లల్ల పిండాలె, తాతా. దండెం మీద ఎయ్యకు, సాగుతది. చాప మీద పరిచి ఆరెయ్యి."

"మంచిది బిడ్డా. ఈసారి రైతు సంఘమోళ్లు మంచిగ సూసుకుంటున్రు" అన్నాడు ముసలాయన.

ఆమె ఆ మాట దిద్దలేదు. చివరి కుచ్చు కట్టి, నల్ల ఊలు అయిపోయిన ఖాళీ చేతిని దులుపుకుంది.

బస్సు దగ్గరికి రాజమల్లయ్య సాగనంపడానికి వచ్చాడు. ఆడబిడ్డనూ బావనూ వట్టి చేతులతో పంపడం ఆ ఇంట్లో లేదు. చంకలోని జరీ శాలువా కవరు తీసి చంద్రశేఖర్ చేతిలో పెట్టాడు.

"బావా, గిది నాకెందుకు, గుచ్చుతుంది. మీ సిద్దిపేటల ఎవరికన్న పనికొస్తది, ఉంచు."

వద్దంటే అమర్యాద. చంద్రశేఖర్ పుచ్చుకున్నాడు. సుమిత్రమ్మ అన్న గొంగడి అంచు ఒక్కసారి పట్టుకుని వదిలింది. అరటిపండ్లు చేతిలో పెట్టి బస్సెక్కింది. అన్న కోసం ఏం తేబోయిందో చెప్పలేదు. రాజమల్లయ్యకు అది ఎప్పటికీ తెలియదు.

బస్సు చాలా దూరం పోయాక ఆమె మాట్లాడింది.

"నువ్వు తెల్వక ఇచ్చినవ్. దానికి నేనేమన. నాలుగు దినాల సంది నాకు మతి పోయిందనుకుంటున్న. నువ్వు సూసుకుంట కూసున్నవ్."

ఆయన కవరు ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

సిద్దిపేటలో దిగి, ఆమె ఇంటి వైపు కాక పాత బజారు వైపు నడిచింది. ఆయన వెనకే నడిచాడు. నిస్సార్ అల్మారా తెరిచి, పసుపు ఇక రాదని, ఉన్నవి ఇవేనని చూపించాడు. ఆమె ఒక్కో లచ్చనూ చెంపకు ఆనించి చూసింది. చాలాసేపటికి ఇటుక రంగుది ఒకటి తీసుకుంది. పూర్తవుతుందో లేదో చూద్దామని మహబూబున్నీసాతో అన్నది. మహబూబున్నీసా ఆమె వేళ్లను తన చేతుల్లోకి తీసుకుని, సూదులు కాస్త లావువి ఇచ్చింది.

ఆ సాయంత్రం ఆమె లచ్చ విప్పి కుర్చీ వీపుకు తగిలించబోయింది. చంద్రశేఖర్ కుర్చీని పక్కకు జరిపి, నేల మీద ఎదురుగా కూర్చుని చేతులు చాపాడు. ఆమె కాసేపు ఆ చేతుల్ని చూసింది. తరువాత లచ్చను వాటికి తగిలించింది. జేబులో ఫోను మోగింది. రేపు కట్ట మీద ఎవరికో సన్మానం, శాలువా కావాలని సంఘం అధ్యక్షుడు అయి ఉంటాడు. ఎత్తడానికి వీల్లేదు. పుట్టి బుద్ధెరిగాక చంద్రశేఖర్ మొదటిసారి నిజంగా చేతులెత్తేశాడు.

ఉండ సగం అయ్యేసరికి ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. చుట్టడం ఆపి, ఒళ్లో పెట్టుకుని వత్తుకుంటూ కూర్చుంది. ఆయన చేతులు దించలేదు. భుజాలు లాగుతున్నా, ఆమె మళ్లీ మొదలుపెడుతుందో లేదో తెలియకపోయినా, ఊలు తగిలించుకుని అలాగే కూర్చున్నాడు.